788 మంది ఉండే కౌంటీలో ఒక రోజు జీపు అద్దె

కొలరాడోలో లేక్ సిటీ వెళ్లి జీపు అద్దెకు తీసుకుందామనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. జులై చివరి వారంలో వెళ్లాం, నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అబ్బాయి. ముందే చెప్పేస్తా, పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది. కాకపోతే అది జీపు గొప్పతనం కాదు, తాళం చేతికిచ్చే ముందు ఆ షాపు పెద్దాయన మా ముగ్గురినీ కూర్చోబెట్టుకుని గడిపిన ముప్పావుగంట గొప్పతనం.

అంతసేపు చెప్పాల్సిన అవసరం ఏంటో అర్థం కావాలంటే ఆ చోటు ఎలాంటిదో తెలియాలి. లేక్ సిటీ ఉన్నది హిన్స్‌డేల్ కౌంటీలో, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. విస్తీర్ణం 1,123 చదరపు మైళ్లు, 2020 జనాభా లెక్కల్లో తేలింది 788 మంది. డెన్వర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు! చదరపు మైలుకి ఒక్క మనిషి కూడా లెక్కకు రాడు. పక్కనున్న సాన్ వాన్ కౌంటీలో తల లెక్క ఇంకా తక్కువే, 705, కానీ అది చిన్న కౌంటీ. జనం ఇంత పలుచగా ఉన్న కౌంటీ కొలరాడో మొత్తంలో ఇంకోటి లేదు. మున్సిపాలిటీ అనదగ్గ ఊరు లేక్ సిటీ ఒక్కటే, అందులో ఉండేది నాలుగు వందల ముప్పై మంది చిల్లర. మిగతాదంతా కొండలు, వాగులు, అడవి. భూమిలో 95 శాతం పైగా ప్రభుత్వానిదే కాబట్టి ఇళ్లు కట్టుకుందామన్నా చోటు లేదు. దక్షిణం వైపు చాలా భాగం వెమినూచీ వైల్డర్‌నెస్, అందులోకి బండి వెళ్లనే కూడదు, నడవాలి లేదా గుర్రం ఎక్కాలి.

అంటే దారిలో టైరు పగిలితే అడగడానికి ఎవరూ ఉండరు. ఊరు దాటిన కాసేపటికే మా ఫోన్లలో సిగ్నల్ పోయింది. పెద్ద ఆసుపత్రి కావాలంటే గన్నిసన్ వెళ్లాలి, 55 మైళ్లు. కొండల్లో ఇరుక్కున్నవాళ్లని వెతకడానికి వచ్చేది కూడా వాలంటీర్లే, పని మానుకుని వస్తారు. ఇవన్నీ ఆ పెద్దాయన భయపెట్టడానికి చెప్పలేదు, మామూలుగా చెప్పాడు. కౌంటర్ మీద కాగితం మ్యాప్ పరిచి, పెన్సిల్‌తో మేం వెళ్లాల్సిన ఆల్పైన్ లూప్ అంతా, అంటే కొండల మీదుగా చుట్టి మళ్లీ ఊరికే వచ్చే మట్టిరోడ్డంతా గీసి, ఎక్కడ రోడ్డు ఒక్క బండికే సరిపోతుందో అక్కడ చిన్న అడ్డగీత పెట్టాడు. ఎదురుగా బండి వస్తే పైకి ఎక్కేవాడికి దారివ్వాలి, దిగేవాడు ఆగాలి అన్నాడు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు, ‘ఫోర్ వీల్ లో’ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే సెట్టింగు) పెట్టి మొదటి గేరులో వదిలేస్తే ఇంజనే పట్టుకుంటుంది అని చెప్పి, ఊరుకోకుండా షాపు వెనక చిన్న రాళ్ల దిబ్బ మీద నా చేత రెండుసార్లు ఎక్కించి దింపించాడు. మధ్యాహ్నం దాటాక ఉరుములు వస్తాయి, అప్పటికి చెట్లు లేని ఎత్తు నుంచి కిందికి వచ్చేయమని మూడుసార్లు చెప్పాడు. మ్యాప్ మాత్రం నాకివ్వలేదు, మా అబ్బాయి చేతికిచ్చి దారి చూపించే బాధ్యత నీదే అన్నాడు. వాడు రోజంతా దాన్ని వదల్లేదు.

ఇక జీపు. నాలుగు తలుపులది, పాతదే, కానీ టైర్లు కొత్తవి, స్పేరు టైరు, జాకీ ఉన్నాయో లేవో మా ఎదుటే చూపించాడు. రోజుకి రెండు వందల డాలర్ల పైన అయింది, పెట్రోలు మనదే. వెనక సీటు గట్టిగా ఉంది, మా ఆవిడకి మరుసటి రోజు నడుం పట్టేసింది. ఏసీ అంతంతమాత్రం. సాయంత్రం ఐదు లోపు తెచ్చి ఇవ్వాలన్న నిబంధన మాత్రం నాకు నచ్చలేదు, ఉదయం ఎనిమిదికి తెరుస్తారు, పాఠం అయ్యేసరికి తొమ్మిది దాటింది, ఫొటోల కోసం నాలుగు చోట్ల ఆగితే చివర్లో పరుగే. ఎనిమిదింటికల్లా వాకిట్లో ఉండండి.

లూప్ మొత్తం 65 మైళ్లు. వినడానికి చిన్న దూరం, మాకు ఏడు గంటలు పట్టింది. మేం సినమన్ పాస్ వైపు నుంచి ఎక్కాం, పాస్ అంటే కొండల మధ్య కనుమ, దీని ఎత్తు 12,640 అడుగులు. దారిలో మొదట వచ్చేది సాన్ క్రిస్టోబల్ సరస్సు. దీని కథ మా వాడికి ఎంత నచ్చిందో చెప్పలేను. సుమారు 700 ఏళ్ల కిందట పైనున్న కొండ మెత్తబడి, పసుపు రంగు మట్టి బురదలా జారి వచ్చి నదికి అడ్డం పడింది, నీళ్లు వెనక్కి నిలిచి సరస్సు అయింది. ఆ జారుడుని స్లమ్‌గలియన్ అంటారు. తర్వాత దాని మీద ఇంకో జారుడు మొదలైంది, అది ఇప్పటికీ ఆగలేదు, కొన్ని చోట్ల ఏడాదికి ఇరవై అడుగుల దాకా కదులుతుంది. ముందు రోజు సాయంత్రం హైవే 149 మీద ఆగి బైనాక్యులర్‌తో చూశాం. కింద నేల కదులుతుంటే చెట్లు తలోవైపు వాలిపోయాయి, కొన్ని వాలినవి మళ్లీ ఆకాశం వైపు వంపు తిరిగి పెరుగుతున్నాయి. ఆ మొద్దుల వంపు చూస్తే నేల ఎప్పుడు కదిలిందో చెట్టు రాసిపెట్టుకున్నట్టే ఉంది.

పాస్‌కి కొంచెం ముందు ఎడమవైపు అమెరికన్ బేసిన్ చీలిక వస్తుంది, జులై చివర్లో వెళ్తే అది వదలొద్దు, మోకాలెత్తు పూలు. దిగి పది అడుగులు వేస్తే ఆయాసం వచ్చింది, ఊరే 8,600 అడుగుల పైన ఉంది మరి, ఒక రాత్రి ముందే వచ్చి పడుకోవడం మంచిది. అవతల ఇంజనీర్ పాస్ ఎక్కి హెన్సన్ వాగు వెంట దిగాం. ఒక అడ్డగీత దగ్గర నిజంగానే ఎదురుగా బండి వచ్చింది, వాళ్లు ఎక్కుతున్నారు, మేం దిగుతున్నాం. పక్కన లోయ. ఆయన చెప్పినట్టే కొండ వైపుకి ఆనించి ఆగాను, వాళ్లు చేయి ఊపి వెళ్లిపోయారు. పొద్దున ఆ రాళ్ల దిబ్బ మీద నేర్చుకోకపోతే నాకు అక్కడ చేతులు ఆడేవి కావు.

దిగే దారిలో క్యాపిటల్ సిటీ అనే పాడుబడిన ఊరు, యూట్-ఊలే గని కనపడతాయి. ఈ కొండలన్నీ 1873 దాకా ఇక్కడి మూలవాసులైన యూట్ ప్రజలవి, ఆ ఏడాది ఒప్పందం పేరుతో తీసుకున్నారు, మరుసటి ఏడాదే కౌంటీ పుట్టింది. వెండి కోసం జనం ఎగబడ్డారు, 1880లో 1,487 మంది. 1893లో వెండి ధర కుప్పకూలింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో జనం తగ్గిపోతూ 1970కి 202 మంది మిగిలారు. రెండు వందల ఇద్దరు, అంత పెద్ద నేల మీద! 1877లో కట్టిన కోర్టు భవనం మాత్రం ఇప్పటికీ కోర్టుగానే నడుస్తోంది, ఊళ్లో తప్పక చూడండి. ఇప్పుడు ఎండాకాలం టెక్సస్, ఓక్లహోమా నుంచి వచ్చేవాళ్లతో వీధి నిండుగా ఉంటుంది, మంచు పడితే లూప్ మూసేస్తారు, జీపు షాపు కూడా ఎండాకాలం ఆ కొన్ని నెలలే నడుస్తుంది.

నాలుగూ నలభైకి బండి తిరిగిచ్చాం. పెద్దాయన టైర్లు తడిమి చూసి, గీతలేమైనా పడ్డాయా అని నన్ను అడక్కుండా ముందు మా వాడి దగ్గరికి వెళ్లి, ఎన్ని అడ్డగీతల దగ్గర ఆగాల్సి వచ్చిందని అడిగాడు. ఒక్కచోటే అని వాడు మ్యాప్ మీద వేలు పెట్టి చూపించాడు. ఆ మ్యాప్ ఇంటికి తీసుకెళ్లమన్నాడు. సెప్టెంబర్ చివర్లో ఆస్పెన్ ఆకులు పసుపు తిరిగే వారానికి అదే జీపు మళ్లీ చెప్పి పెట్టాం, ఈసారి వెనక సీట్లోకి దిండు తెచ్చుకుంటాం.