పికప్‌లో పడక: సీట్ల మీద పలకా, వెనక బాడీనా, డాబా మంచమా?

పికప్ నడిపేవాళ్ల రాత్రుల్లో చాలాభాగం మార్కెట్ యార్డుల్లోనే గడిచిపోతుంది. కర్నూలు యార్డులో ఉల్లిగడ్డల సీజన్ అయితే బండ్ల వరుస గేటు దాటి రోడ్డెక్కుతుంది. ఆదోనిలో పత్తి, అనంతపురం పక్కన కక్కలపల్లిలో టమోటా, సరుకు ఏదైనా కాచుకోక తప్పదు. పెద్ద లారీలకైతే సీటు వెనక పడక కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు. బొలెరో పికప్‌కు, టాటా ఏస్‌కు, అశోక్ లేలాండ్ దోస్త్‌కు ఆ భాగ్యం లేదు. కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు కట్టించుకుంటున్నారు. కొందరు సీట్ల మీద పలక వేస్తారు, కొందరు వెనక బాడీలో పట్టా కింద పరుచుకుంటారు, కొందరు ఏకంగా డబుల్ క్యాబ్ బండే కొంటారు. ఇవేవీ వద్దు, రోడ్డు పక్క డాబా హోటల్లో మంచం చాలు అనేవాళ్లూ ఉన్నారు.

ఏది మేలు అని అడిగితే అందరూ మొదట పొడవు గురించే మాట్లాడతారు. కాళ్లు చాపుకోవచ్చా, లేదా? మన సీమలో అది తర్వాతి సంగతి. మే నెలలో కర్నూలులో పగలు 42 డిగ్రీలు దాటడం మామూలే, రాత్రి చాలాసేపటి దాకా రేకు వేడి దిగదు. ఆరడుగుల పడక మీద చెమటలు కారుతూ పొర్లే కంటే నాలుగున్నర అడుగుల్లో ముడుచుకుని గాలికి పడుకున్నవాడే తెల్లారి స్టీరింగ్ సరిగా పట్టుకుంటాడు. అందుకే నేను ఏ ఏర్పాటునైనా ముందు గాలి చూసి, తర్వాత సరుకు కాపలా చూసి లెక్కగడతాను. పొడవు ఆఖరున.

సీట్ల మీద పలకతో మొదలుపెడదాం, ఎక్కువమందికి అందుబాటులో ఉండేది అదే. బొలెరో పికప్ మొత్తం వెడల్పు 1.7 మీటర్లు. రెండు తలుపుల మందం పోగా లోపల నాలుగున్నర అడుగులు మిగిలితే గొప్ప. ఐదున్నర అడుగుల మనిషి అందులో వెల్లకిలా పడుకోలేడు, పక్కకు తిరిగి మోకాళ్లు మడవాల్సిందే. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. తలుపు దాకా పొడవు పెంచాలని తంటాలు పడతారు గానీ, మోకాళ్లు మడిచిన మనిషికి కావాల్సింది అడ్డం. సీటు లోతు అడుగున్నరే. మోకాళ్లు దాని అంచు దాటి గాల్లో వేలాడతాయి, గంటకల్లా నడుము పట్టేస్తుంది. మాకు తెలిసిన ఒక కార్పెంటర్ కొలతలు తీస్తూ తేల్చేసిన మాట ఇది: "అన్నా, పొడుగు ఎట్లా రాదు, అడ్డం పెంచుకో. మోకాళ్లు పెట్టుకునేదానికి జాగా ఉంటే నిద్ర అదే పడతాది."

అంటే పలక సీటు ముందు అంచు నుంచి డ్యాష్‌బోర్డు వైపు ముప్పావు అడుగు బయటికి రావాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. నాలుగున్నర అడుగుల పొడవు, రెండడుగుల పైచిలుకు అడ్డం తీసుకుంటే ఆరేడు కిలోల బరువు, ఒక్కడే ఎత్తి దించుకోవచ్చు. మధ్యలోకి రెండు ముక్కలు చేసి మడత బందులు వేయిస్తే పగలు సీటు వెనక నిలబెట్టుకోవచ్చు. బయటికి వచ్చిన అంచు కింద నేలకు ఆనేలా రెండు కాళ్లు ఉండాలి, అవి క్లచ్ పెడల్ జోలికి పోకూడదు. సీటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పలక కింద వెనకవైపు ఒక చెక్క బద్దీ వేసి మట్టం చేయించాలి. ఈ చిన్న పని వదిలేస్తే రాత్రంతా వీపు సీటు మూలకు జారుతూనే ఉంటుంది.

తల క్లీనర్ తలుపు వైపు, కాళ్లు స్టీరింగ్ కిందికి. తిరగేసి పడుకుంటే పక్కకు తిరిగినప్పుడల్లా భుజమో మోచెయ్యో హారన్ మీద పడుతుంది, యార్డులో చుట్టుపక్కల వాళ్ల తిట్లు ఉచితం. గేర్ రాడ్డు సరిగ్గా మోకాలు వచ్చే చోటే నిలబడుతుంది. దానికి పలకలో గాడి కోయించి, పడుకునే ముందు బండిని ఫస్ట్ గేర్‌లో వేసుకుంటే రాడ్డు ముందుకు ఒరుగుతుంది, నాలుగు వేళ్ల జాగా కలిసొస్తుంది, బండీ కదలదు. హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, నిద్రలో కాలు తగిలితే అది దిగిపోవచ్చు. చక్రం కింద రాయి ఎలాగూ పెడతారు కదా. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ క్లచ్ తొక్కకుండా తాళం తిప్పితే మాత్రం బండి ముందుకు ఎగురుతుంది. ముందు ఎవరున్నారో, ఏమున్నాయో చెప్పలేం.

బండి తీరును బట్టి కూడా తేడా ఉంది. బొలెరోలో ఇంజిన్ ముందు బానెట్ కింద ఉంటుంది. టాటా ఏస్, దోస్త్‌లలో ఇంజిన్ సీట్ల కిందే. డోన్ నుంచి అనంతపురం దాకా లోడుతో లాక్కొచ్చి ఆపిన ఏస్‌లో వెంటనే పలక వేసి పడుకుంటే కింద నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. సీటు లేపితే తప్ప ఇంజిన్ కనపడదు కాబట్టి ఆ బండ్లకు పలక బిగించేయడం అసలు కుదరదు. నా సలహా అడిగితే ఏస్, దోస్త్ ఉన్నవాళ్లు క్యాబిన్ పడక మీద డబ్బు పెట్టొద్దు.

గాలి మాటకొస్తే క్యాబిన్‌కు ఉన్నవి రెండు కిటికీలు, ఎదురెదురుగా. ఒక్కటి తెరిస్తే లాభం లేదు, రెండూ తెరిస్తేనే గాలి ఆడుతుంది. తెరిస్తే దోమలు. దీనికి తలుపు ఫ్రేము మీదుగా దిండు గలీబులా తొడిగే నెట్ టైలర్ దగ్గర కుట్టించుకోవచ్చు. తలుపు వేసినా అది నలగదు, అద్దం ఎంత దించినా దోమ రాదు. అయితే అద్దం మొత్తం దించితే దొంగ చెయ్యి కూడా వస్తుంది. సగం దించి ఫోను, డబ్బు పలక కింద పెట్టుకోవడం మేలు.

ఇంకో సంగతి. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు హైవే ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఎండాకాలం చివర్లో, ఆషాఢంలో మనకు వీచేది పడమటి గాలి. కాబట్టి డాబా ముందు రోడ్డుకు సమాంతరంగా ఆపిన బండికి గాలి ఒక కిటికీలో దూరి ఇంకో కిటికీలోంచి పోతుంది. గుత్తి నుంచి తాడిపత్రి, ముద్దనూరు మీదుగా మైదుకూరు వైపు పోయే రోడ్డు తూర్పు పడమరలుగా ఉంటుంది. అక్కడ అలాగే ఆపితే గాలి అద్దానికి కొట్టుకుని పోతుంది, లోపల ఉక్కపోతే. బండిని అడ్డంగా తిప్పి ఆపుకోవాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు, అయినా తిప్పి ఆపేవాళ్లు తక్కువ.

ఏసీ వేసుకుని ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకునేవాళ్లూ ఉన్నారు. వద్దు. గంటకు లీటరు దాకా డీజిల్ పోవడం అటుంచి, సైలెన్సర్ పైపులో ఎక్కడైనా లీకు ఉంటే, లేదా గోడకు ఆనించి ఆపి పొగ వెనక్కి తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి తెలియదు. మూసిన క్యాబిన్‌లో మస్కిటో కాయిల్ కూడా మంచిది కాదు, పైగా రెక్సిన్‌కు నిప్పు అంటుకునే టెన్షన్ ఒకటి. 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒక ఆంపియర్ అటూ ఇటూగా లాగుతుంది, రాత్రంతా తిరిగినా బాగున్న బ్యాటరీకి ఏమీ కాదు. అన్నట్టు, 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు గానీ, అది 3.5 టన్నులు దాటిన బండ్లకే. మన పికప్పులు ఆ లెక్కలోకి రావు.

వెనక బాడీ సంగతి. పొడవులో దీనికి సాటి లేదు. మామూలు పికప్‌లోనే ఎనిమిది అడుగుల పైచిలుకు, పెద్ద మోడల్‌లో పది. కాళ్లు చాపి, చేతులు చాపి పడుకోవచ్చు. బాడీ మీద వంపుగా నిలిపే ఇనుప కమాన్ల మీద పట్టా కట్టి రెండు చివర్లా వదిలేస్తే గాలికి అడ్డే లేదు. కడప లాంటి చోట, మూడు వైపులా నల్లమల, పాలకొండలు చుట్టుకుని ఉన్న ఊళ్లో, మే రాత్రి క్యాబిన్‌లో నిద్ర పట్టడం కష్టం. అక్కడ బాడీయే గతి. కాకపోతే ఇనుప నేల పగలంతా తాగిన వేడిని అంత తొందరగా వదలదు. నేరుగా చాప పరిస్తే వీపు కాలుతుంది. చెక్క రీపర్ల మీద పలక వేసి, కింద గాలి ఆడేట్టు నాలుగు అంగుళాలు ఎత్తు పెట్టాలి. డిసెంబరులో అదే ఇనుము మంచులా చల్లబడుతుంది, అప్పుడూ ఆ ఎత్తే కాపాడుతుంది.

దీనికి రెండు చిక్కులున్నాయి. ఒకటి ఆషాఢం గాలి. రామగిరి, వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతాల్లో గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ వైపు రాత్రంతా పట్టా టపటపా కొట్టుకుంటుంది, కంట్లో దుమ్ము, నోట్లో దుమ్ము. ఆ రోజుల్లో క్యాబిన్‌లోకి మారాల్సిందే. రెండోది ఇంకా సూటి విషయం: లోడు ఉన్నప్పుడు బాడీలో మీకు చోటే లేదు. మీరు కాచుకునేదే లోడు ఉన్నప్పుడు కదా! ఆగి ఉన్న బండిలో బస్తాల మీద పడుకోవడం వరకు సరే. బండి కదిలేటప్పుడు క్లీనర్ కుర్రాడిని లోడు మీద పడుకోబెట్టి తోలడం మాత్రం ఎవరు చేసినా తప్పే. ఒక్క సడన్ బ్రేకు చాలు.

డబుల్ క్యాబ్, అంటే బొలెరో క్యాంపర్ లాంటిది, చూడటానికి అన్నిటికంటే బాగుంటుంది. వెనక సీటు ముందున్న కాళ్ల జాగాలో ఒక పెట్టె చేయించి మట్టం చేస్తే మూడున్నర అడుగుల అడ్డం వస్తుంది. గేర్ రాడ్డు లేదు, స్టీరింగ్ లేదు, పెట్టెలో స్టవ్వు, బట్టలు పెట్టుకోవచ్చు. కానీ వెనక బాడీ ఐదడుగులకు పడిపోతుంది. టమోటా క్రేట్లు మోసి బతికేవాడికి అది గిట్టుబాటు కాదు, పడక కోసం కిరాయిలో పెద్ద ముక్క వదులుకున్నట్టే. పైపుల పనికి, బోరు మోటార్ల రిపేరుకు, కరెంటు కాంట్రాక్టులకు మనుషుల్ని, సామాన్లను కలిపి తీసుకుపోయేవాళ్లకు ఇది సరైన బండి. వాళ్లకు ఎలాగూ ఐదుగురి సీట్లు కావాలి.

ఇక డాబా మంచం. గుత్తి, పామిడి చుట్టుపక్కల భోజనం చేస్తే నులక మంచమో నవారు మంచమో ఊరికే ఇస్తారు. నడుముకు, గాలికి దాన్ని మించింది లేదు, ఈ మాటలో నాకు అనుమానమే లేదు. ఖాళీ బండితో తిరిగొస్తుంటే ఇంకేమీ ఆలోచించకండి. లోడు ఉంటే మాత్రం కన్ను మంచం మీద, మనసు బండి మీద. యార్డు వరుసలో అయితే ఆ మాటే లేదు. బండ్లు గంటకోసారి ముందుకు జరుగుతుంటాయి, మంచం మీద ఉన్నవాడి నంబరు పోతుంది. అక్కడ నిమిషంలో లేచి, పలక మడిచి, స్టీరింగ్ ముందు కూర్చోగలిగే ఏర్పాటు కావాలి. ఎక్కడ ఆపినా హైవే షోల్డర్ మీద, అంటే రోడ్డు అంచున, ఆపి పడుకోవద్దు, వెనక నుంచి వచ్చేవాడు మగతలో ఉంటే అంతే సంగతులు. అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్ల దగ్గర బండ్లు ఆగి ఉండే చోట వెలుగు ఉంటుంది, కంటికి ఒక తువ్వాలు కట్టుకుంటే సరిపోతుంది.

చట్టం సంగతి ఒక ముక్క. కంపెనీ ఇచ్చిన తీరును మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఒక్కో మార్పుకు ఓనరుకు 5000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. సీటు పీకేసి ఇనుప పడక వెల్డింగ్ చేయిస్తామని చెప్పే షాపులు ఉన్నాయి. బండి ఫిట్‌నెస్ పరీక్షలో ఆపేస్తే ఆ షాపువాడు రాడు. బోల్టు కొట్టకుండా, సీటు బెల్టులు కదపకుండా, ఎత్తి పక్కన పెట్టేయగల పలకే మేలు అనడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి బొలెరో లాంటి బానెట్ బండి ఉండి, లోడుతో రాత్రులు కాచుకునేవాళ్లకు నా ఓటు సీట్ల మీది పలకకే. ఏస్, దోస్త్ వాళ్లు వెనక బాడీకి రీపర్లు, పలక చేయించుకుని, లోడు దిగాకో డాబా దగ్గరో నిద్రపోవడం నయం. ఇద్దరు వెళ్తే ఒకరు క్యాబిన్, ఒకరు లోడు మీద, అదీ బండి ఆగి ఉన్నప్పుడే. డబ్బు కొద్దిగానే ఉంటే ముందు కిటికీ నెట్లు కుట్టించండి, తర్వాత పలక. ఫోమ్ ఆఖరున, రెండంగుళాల గట్టి రకం చాలు, దాని మీద రెక్సిన్ వేయించకండి, ఎండాకాలం వీపుకు అతుక్కుంటుంది. పాత చీరలతో కుట్టిన బొంత ఇంట్లో ఉంటే ఫోమ్ కూడా అక్కర్లేదు.