వేరేవాళ్ళ ఆర్డర్, మన ప్రయాణం: ఎయిర్ ఇండియా ఏ350లో అమ్మతో లండన్

మా అక్క లండన్ దగ్గర రెడింగ్‌లో ఉంటుంది. అమ్మని అక్కడ దింపి రావడం ఈసారి నా వంతు వచ్చింది. టికెట్ తీసేటప్పుడు నేను ధర కంటే ముందు ఏ విమానమో చూశాను. నవ్వకండి, అంతకుముందోసారి ఇంకో కంపెనీలో (పేరెందుకులెండి) తొమ్మిది గంటలు వెలగని స్క్రీన్ ముందు, వెనక్కి వాలని సీట్లో కూర్చుని వెళ్ళినవాణ్ణి. నాకంటే సరే, మోకాళ్ళ నొప్పులున్న అమ్మని అలాంటి దాంట్లో కూర్చోబెట్టే ధైర్యం లేక, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళి అక్కడ ఎయిర్‌బస్ కంపెనీ తయారుచేసే పెద్ద విమానం ఏ350 ఎక్కేలా వెతికి మరీ బుక్ చేశాను.

ఈ విమానం కథ కొంచెం చెప్పాలి. అది తెలిస్తే లోపల ఉన్నవన్నీ ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది.

రష్యా వాళ్ళ ఏరోఫ్లోట్ 2007లోనే 22 ఏ350లకి ఆర్డర్ ఇచ్చింది. మొదటిది 2020లో చేతికొచ్చింది, అలా ఏడు వచ్చాయి. ఈలోగా యుక్రెయిన్ యుద్ధం మొదలైంది. 2022 ఫిబ్రవరి చివర్లో యూరోపియన్ యూనియన్ రష్యాకి విమానాలు, విడిభాగాలు అమ్మకూడదని ఆంక్షలు పెట్టేసింది. ఎయిర్‌బస్ దగ్గర ఏరోఫ్లోట్ లెక్క ప్రకారం సిద్ధమవుతున్న విమానాలు ఇవ్వడానికి వీల్లేక ఉండిపోయాయి. సరిగ్గా అంతకు నెల ముందే, 2022 జనవరిలో, ఎయిర్ ఇండియా టాటాల చేతికొచ్చింది. వాళ్ళకి పెద్ద విమానాలు అర్జంటుగా కావాలి, ఎయిర్‌బస్‌కి కొనేవాడు కావాలి. 2023 ఫిబ్రవరిలో టాటాలు ప్రకటించిన 470 విమానాల్లో ఆరు ఏ350-900లు ఉన్నాయి కదా, అవి ఇవే. మొదటిది, వీటీ-జేఆర్ఏ అనే రిజిస్ట్రేషన్ నంబరుది, 2023 డిసెంబర్ 23న ఢిల్లీలో దిగింది. జేఆర్ అనగానే నాకు ఎయిర్ ఇండియాని మొదలుపెట్టిన జేఆర్‌డీ టాటా గుర్తొచ్చారు.

ఫిబ్రవరిలో ప్రకటించి డిసెంబర్‌లో విమానం తెచ్చుకోవడమంటే మామూలు విషయం కాదు. పెద్ద విమానాలకి కొత్తగా వరుసలో నిలబడితే ఏళ్ళు పడుతుంది. మరి దీనికి ఇచ్చుకున్న మూల్యం ఏంటంటే, లోపలి అమరిక అవతలివాళ్ళది. బిజినెస్ 28, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 264, మొత్తం 316 సీట్లు. ఏరోఫ్లోట్ ఏ350లో కూడా అచ్చం ఇదే లెక్క. సీట్లు ఎయిర్‌బస్ చేయదు, వేరే కంపెనీలకి చాలా ముందుగా ఆర్డర్ ఇవ్వాలి, అవి ప్రమాద పరీక్షలు పాసవ్వాలి, వాటిని బట్టి వైరింగు, వంటగది, బాత్రూములు అన్నీ కుదురుతాయి. అవి పీకి కొత్తవి పెట్టాలంటే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని రంగులు, గుడ్డలు మార్చి మిగతాది ఉంచేశారు. ఇల్లు కట్టించుకున్నాయన రిజిస్ట్రేషన్‌కి రాకపోతే మనం కొనుక్కుని సున్నం వేయించుకుని దిగిపోయినట్టు. వంటింటి గట్టు ఎత్తు మాత్రం ఆయన భార్యకి సరిపోయేలా ఉంటుంది.

ఇదంతా గేటు దగ్గర అమ్మకి చెప్తే, "అయితే రష్యా వాళ్ళు అడిగితే మళ్ళీ ఇచ్చేయాలా నాన్నా?" అంది.

ఇక లోపలికొస్తే. మా సీట్లు ఎకానమీలో, వరుసకి 3-3-3. బోయింగ్ వాళ్ళ డ్రీమ్‌లైనర్‌లోనూ తొమ్మిదే కానీ ఈ విమానం లోపలి వెడల్పు దానికంటే సుమారు 5 అంగుళాలు ఎక్కువ. అది తొమ్మిది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది అర అంగుళమే కదా అనుకుంటాం, కానీ ముగ్గురు పక్కపక్కన కూర్చున్నప్పుడు మోచెయ్యి పెట్టే చోట ఆ తేడా తెలుస్తుంది. ముందు సీటుకీ మనకీ మధ్య మాత్రం 31 అంగుళాలే. నాకు సరిపోయింది, ఆరడుగుల మనిషికి ఇబ్బందే. స్క్రీన్ దాదాపు 12 అంగుళాలు, వేలు పెట్టగానే పలికింది. అమ్మ ఓ తెలుగు సినిమా పెట్టుకుని ఇంటర్వెల్ రాకముందే నిద్రపోయింది. భోజనంలో పెరుగు ఉంది కాబట్టి అమ్మ దృష్టిలో భోజనం బాగుంది, అంతకంటే పరీక్ష లేదు.

నాకు బాగా నచ్చింది శబ్దం లేకపోవడం. ఇంజన్లు రోల్స్-రాయిస్ ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ, రెక్క దాటి వెనక కూర్చున్నా పక్కవాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడొచ్చు. ఇంకోటి, లోపలి గాలి ఒత్తిడి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాత తరం విమానాల్లో అది 8,000 దాకా ఉంటుంది. నాకు పెద్ద తేడా తెలియలేదు కానీ, ఎప్పుడూ దిగేసరికి తల పట్టుకునే అమ్మ ఈసారి అమృతాంజనం అడగలేదు.

తోక మీద కెమెరా ఉంటుంది, అందులో కనిపించేది స్క్రీన్‌లో చూడొచ్చు. హీత్రోలో దిగేటప్పుడు అది పెట్టాను. కింద మబ్బులు విడిపోయి, మన విమానం వీపు, రెండు రెక్కలు, ముందు రన్‌వే దీపాలు. అమ్మ కాసేపు చూసి, "మనం ఇందులో ఉన్నాం కదా, పైనుంచి చూస్తున్నదెవరు?" అంది. చెప్పేలోపు చక్రాలు నేలకి తగిలాయి.

దిగేటప్పుడు బిజినెస్ క్యాబిన్ మీదుగా వెళ్ళాం కాబట్టి ఓ చూపు వేశాను. 1-2-1, ఒక్కో సీటుకీ జరిపే తలుపు, బట్టలు తగిలించుకునే చిన్న బీరువా, అద్దం, 21 అంగుళాల స్క్రీన్. ఈ తలుపున్న సీట్లు కూడా ఏరోఫ్లోట్ అభిరుచి పుణ్యమా అని వచ్చినవే.

తిరుగు ప్రయాణంలో ఒక్కణ్ణే కాబట్టి ప్రీమియం ఎకానమీకి డబ్బులు పెట్టాను. 2-4-2, 38 అంగుళాల జాగా, 13.3 అంగుళాల స్క్రీన్. పక్కన ఒక్కరే ఉండే జంట సీటు దొరికితే చాలా హాయి, మధ్య నాలుగింట్లో పడితే ఆ ధరకి నేను ఒప్పుకోను. ఇక్కడే నాకు అవతలివాళ్ళ లెక్క అనిపించింది. మూడంటే మూడు వరుసలు, 24 సీట్లు. అమ్మానాన్నల్ని పిల్లల దగ్గరికి పంపే ఇళ్ళు మన దగ్గర ఎన్ని, వాళ్ళంతా బిజినెస్ కొనలేరు, ఎకానమీలో కాళ్ళు పట్టేస్తాయి. మన జనాన్ని చూసి డిజైన్ చేసి ఉంటే ఈ క్లాసు ఇంకో రెండు వరుసలైనా ఉండేదని నా అభిప్రాయం.

అయినా ఎయిర్ ఇండియా వాళ్ళు నయం. టర్కిష్ ఎయిర్‌లైన్స్ కూడా ఏరోఫ్లోట్ కోసం చేసిన కొన్ని ఏ350లు తీసుకుంది. వాళ్ళకి ప్రీమియం ఎకానమీ అనే క్లాసే లేదు, కాబట్టి ఆ పెద్ద సీట్లు ఎకానమీ కిందే పోతున్నాయి. ఇస్తాంబుల్ మీదుగా వెళ్ళేవాళ్ళు సీట్ మ్యాప్‌లో 2-4-2 కనిపిస్తే వదలకండి. లుఫ్తాన్సా మొదటి ఐదు డ్రీమ్‌లైనర్లూ ఇలాంటివే, చైనాలోని హైనాన్ ఎయిర్‌లైన్స్ కోసం తయారై వీళ్ళకి చేరినవి. 2024 జనవరిలో హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ మొదలైంది ఆ విమానాలతోనే, కాబట్టి మనవాళ్ళలో చాలామంది తెలియకుండానే వేరేవాళ్ళ ఆర్డర్‌లో ఎక్కేశారు.

నా లెక్కలో ఎకానమీకి అయిదుకి నాలుగు, ప్రీమియంకి జంట సీటైతే నాలుగున్నర, మధ్యలో అయితే మూడు. బుక్ చేసేటప్పుడు విమానం రకం దగ్గర 359 అని ఉంటే ఇదే. ఆఖరి నిమిషంలో విమానం మారడం ఏ కంపెనీలోనైనా ఉండేదే కాబట్టి ముందురోజు సీట్ మ్యాప్ మళ్ళీ ఓసారి చూసుకోండి.

అమ్మకి తిరుగు టికెట్ ఇంకా తీయాలి. ప్రీమియం తీస్తానన్నాను, అంత డబ్బు దండగంది. పది నిమిషాలాగి మళ్ళీ ఫోన్ చేసి, కిటికీ పక్కన ఇస్తారా, రెక్క అడ్డం రాకుండా చూడు అంది.