మనసు లోతులు చూపే మూడు తెలుగు నవలలు

మనిషి అంతరంగాన్ని తెలుసుకోవాలనుకునే పాఠకులకు నేను మొదట సూచించేది త్రిపురనేని గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’. వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలన్న తపనతో ఉన్న ఆస్తిని దానధర్మాలకు హారతి కర్పూరం చేసి, ఆ తరువాత లోకం మీదా, చివరికి తన మీదా ద్వేషం పెంచుకునే సీతారామారావును రచయిత ఎక్కడా వెనకేసుకురాడు, అలాగని చులకన కూడా చేయడు. ఉదారత అని అతడు నమ్మినదాని అడుగున పొగడ్తల మీది ఆశ ఎంత ఉందో, చేతగానితనం కోపంగా మారి ఇంట్లో భార్య మీదికి ఎలా మళ్ళుతుందో చదువుతుంటే మనకే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందే ఈ నవల బలమని నా నమ్మకం. రామయ్య తాతతో సాగే తాత్త్విక చర్చలు కొందరికి దీర్ఘంగా తోచవచ్చు కానీ, వాటిని దాటవేయవద్దని కోరుతున్నాను.

రావిశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్యది పూర్తిగా భయం కథ. చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే ఆలోచనలు మనసులో పారే తీరులోనే రాస్తూ, ఎదుటివారి చూపుకే కుంచించుకుపోయే మనిషి ఆలోచనలను వాటి తడబాటుతో సహా పట్టుకున్న రచన ఇది.

1969లో వెలువడిన నవీన్ ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒక్క రోజును చిత్రిస్తుంది. డబ్బు లేని అవమానం, కోరికలు, పరీక్షల దిగులు ఒకదానిలోకి ఒకటి జారిపోతుంటాయి కనుక, దీన్ని తీరిక చూసుకుని నిదానంగా చదవాలి. మొదటిసారి చదివేవారు గోపీచంద్‌తోనే ప్రారంభించడం మేలు.