రెండేళ్లుగా మాచా తాగుతున్నాను: నల్గొండ నుంచి నా అనుభవం

మాచా అంటే జపాన్‌వాళ్లు తేయాకును మెత్తగా విసిరి చేసే పచ్చటి పొడి. అది మా ఇంటికి మొదటిసారి వచ్చింది 2023 డిసెంబరులో. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు 30 గ్రాముల డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీయగానే మా అత్తమ్మ తొంగిచూసి, "గిదేందమ్మా, గోరింటాకు పొడా?" అని అడిగింది. రంగు అచ్చం అలాగే ఉంది. వాసన మాత్రం అప్పుడే కోసిన పచ్చగడ్డిది. మధ్యలో ఒక రెండు నెలలు తప్ప, అప్పటి నుంచి రోజుకో గ్లాసు తాగుతూనే ఉన్నాను. నేను హైస్కూల్ టీచర్ని. మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ అడుగుతుంటారు కాబట్టి, నాకు పనికొచ్చిందీ పనికిరానిదీ రెండూ రాస్తున్నాను.

బరువు తగ్గుతుందని కొనేవాళ్లు కొనకండి. 64 కిలోల దగ్గర మొదలుపెట్టాను, ఇప్పుడు 63. ఆ కిలో కూడా చక్కెర మానేయడం వల్ల తగ్గిందనే నా నమ్మకం. మధ్యాహ్నం రెండుసార్లు టీ తాగేదాన్ని, గ్లాసుకు రెండు చెంచాల చక్కెరతో. వాటి బదులు చక్కెర లేని మాచా ఒక్కటే తాగుతున్నాను. రోజుకు నాలుగు చెంచాల చక్కెర పోయింది. నాకు దక్కిన పెద్ద లాభం ఇదే.

రెండో లాభం ఆఖరి పీరియడ్‌లో తెలుస్తుంది. టీ తాగితే హుషారు వెంటనే వచ్చి, గంటన్నరకల్లా దిగిపోయి తల బరువెక్కేది. మాచా అలా కాదు, మెల్లగా ఎక్కి చాలాసేపు ఉంటుంది. ఇందులో కెఫీన్‌తో పాటు ఎల్-థియానిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, ఆ తేడా దానివల్లేనంటారు. జపాన్‌లో ఆకు కోయడానికి ముందు మూడు, నాలుగు వారాలు తోటకు పైన పరదాలు కప్పి నీడలో పెంచుతారు. ఎండ తగలకపోతే ఆకులో థియానిన్ నిలుస్తుంది, పచ్చదనమూ పెరుగుతుంది. కోసిన ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేసి రాతి తిరగలిలో విసురుతారు. గంటసేపు తిరిగితే ఒక్కో తిరగలికి 30, 40 గ్రాముల పొడే వస్తుంది. ఇసుర్రాయి మీద పెసలు విసిరిన మా అత్తమ్మకు ఈ మాట చెప్పగానే ధర ఎందుకంతో అర్థమైంది.

కలపడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది. సలసల కాగే నీళ్లు పోస్తే వేపాకు కషాయంలా చేదు. నీళ్లు కాగాక దించి, రెండు గ్లాసుల్లోకి అటూ ఇటూ తిరగబోసి, నాలుగైదు నిమిషాలు ఆగాలి. 75, 80 డిగ్రీల వేడి చాలు. పొడిని టీ జాలిలో జల్లించి, అర చెంచా పొడికి ముందు రెండు చెంచాల నీళ్లు పోసి మెత్తగా రుద్దాలి. ఇది మానేస్తే ఉండలు కడతాయి, నాలుక మీద ఆ ఉండ చితికితే ఇక ఆ గ్లాసు తాగబుద్ధి కాదు. ఆ తర్వాత మిగతా నీళ్లు పోసి చిలకాలి. వెదురు కుంచె నాలుగు నెలలకే పుల్లలు విరిగింది. ఇప్పుడు మజ్జిగ చిలికే చిన్న కవ్వమే వాడుతున్నాను, నురగ కాస్త తక్కువైనా పని జరుగుతుంది. గేదె పాలు పోస్తే రుచి అంతా పాలదే అవుతుంది. మే నెలలో రంజన్ (మట్టికుండ) నీళ్లు సీసాలో పోసి, జల్లించిన పొడి వేసి గట్టిగా ఊపి తాగుతాను. 44 డిగ్రీల ఎండలో బయటి నుంచి వచ్చాక దానికి మించింది లేదు.

ఆ రెండు నెలలు ఎందుకు మానేశానంటే, 2024 చివర్లో నా హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. అన్నం తినగానే మాచా తాగడం నాకు అలవాటు. టీలోని పాలిఫినాల్స్ అనే పదార్థాలు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవని డాక్టరమ్మ చెప్పింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దనే ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుని, మాచాను సాయంత్రం నాలుగు గంటలకు మార్చుకున్నాను. ఐదు నెలలకు 11.8కి వచ్చింది. మన ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు ఎందరో, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. సాయంత్రం ఆరు దాటాక కూడా తాగకండి, నిద్ర పట్టదు.

ఇక ఏ వీడియోలోనూ వినని విషయం, మన జిల్లావాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది: బోరు నీళ్లలో ఎక్కువైతే ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్. అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి, యాభై ఏళ్లకే మోకాళ్లు వంగకుండా అయ్యాయి. తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడ్‌ను లాగి ఆకులో దాచుకుంటుంది. ముదురాకులో ఎక్కువ, లేతాకులో తక్కువ. మామూలు టీ అయితే ఆకును వడకట్టి పారేస్తాం, మాచాలో ఆకంతా మింగుతాం. ఇది లేతాకు పొడే కాబట్టి రోజుకు ఒక గ్లాసుకు నేను భయపడను, రెండోది మాత్రం పోసుకోను. నీళ్లు మిషన్ భగీరథ (ప్రభుత్వ నల్లా నీటి పథకం) నీళ్లే వాడతాను. బోరు నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన ప్రమాణం. మీ ఇంటి నీళ్లు ఎంతో తెలియకుండా ఈ పొడి మొదలుపెట్టకండి. అత్తమ్మకు నేను ఇవ్వను. ఆమె రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటుంది, ఆకులోని విటమిన్ కె కొన్ని రకాల మాత్రలకు అడ్డుపడుతుంది.

కొనేటప్పుడు నేను ఒకసారి మోసపోయాను. 350 రూపాయలకే 100 గ్రాములని ఆశపడితే, పసుపు తిరిగిన పొడి వచ్చింది, వెనకాల చిన్న అక్షరాల్లో చక్కెర అని ఉంది. మంచిదైతే చిగురాకు పచ్చగా ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా అంటుకుంటుంది. మొదట్లో 900 ఉన్న 30 గ్రాముల డబ్బా ఇప్పుడు 1,400. డబ్బాకు 20 గ్లాసులు, అంటే గ్లాసుకు 70 రూపాయలు. బస్టాండు టీతో పోలిస్తే ఇది ఖరీదే, అందుకే నాకు తప్ప ఇంట్లో ఎవరికీ అలవాటు చేయలేదు.

తెరిచిన డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మూత విప్పితే చెమ్మ పట్టి గడ్డకడుతుంది, అరగంట బయట ఉంచి తీయాలి. తెరిచాక నెలన్నరలో అయిపోగొట్టాలి, ఆ తర్వాత రంగు వెలిసి ఎండుగడ్డి వాసన వస్తుంది. అందుకే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా నేను 30 గ్రాముల డబ్బా దాటి కొనడం లేదు.