ఫామ్ బిల్డర్: కుడిపక్క ప్యానెల్‌తో ఆరు నెలల కాపురం

నేను కోడ్ రాసేదాన్ని కాదు. శిక్షణ తరగతులకు దరఖాస్తులు తీసుకునే ఫామ్‌లు తయారుచేయడం నా పని. కోడ్ రాయకుండానే ఆన్‌లైన్ ఫామ్‌లు తయారుచేసే ఈ బిల్డర్‌నే ఆరు నెలలుగా వాడుతున్నాను. ఫీల్డ్‌ని, అంటే జవాబు రాసే గడిని, లాగి పేజీలో వదలడం వరకు నల్లేరు మీద బండి నడకే. ఆ ఫీల్డ్ మీద నొక్కితే కుడిపక్కన దాని అమరికలన్నీ ఉండే ప్రాపర్టీస్ ప్యానెల్ తెరుచుకుంటుంది చూడండి, బండి దిగబడేది అక్కడ.

ముందు మంచి చెబుతాను. లేబుల్ (ఫీల్డ్ మీద కనిపించే పేరు), దాని కింద సహాయ వాక్యం, తప్పు రాస్తే కనిపించే సందేశం అన్నీ మనకు నచ్చినట్టు రాసుకోవచ్చు. ఒక ప్రశ్నకి 'అవును' అంటేనే తర్వాతి ప్రశ్న కనిపించేలా షరతు పెట్టొచ్చు. దాగి ఉన్న ప్రశ్నకి 'తప్పనిసరి' అని టిక్ ఉన్నా ఫామ్ ఆగదు. నేను అంతకుముందు వాడిన దాంట్లో, కంటికి కనపడని ప్రశ్నకి జవాబివ్వలేదని సబ్మిట్ బటన్ మొరాయించేది!

ఇక నేను తిన్న దెబ్బలు. అందరికీ పంపే లింకులోనే వాళ్ళ దరఖాస్తు నంబరు నిండి వచ్చేలా పెట్టి, ఎవరూ దాన్ని మార్చకూడదని 'డిసేబుల్డ్' టిక్ చేశాను. చూడ్డానికి బూడిదరంగులో బుద్ధిగా ఉంది. సాయంత్రం జవాబులు తెరిస్తే ఆ నిలువు వరస మొత్తం ఖాళీ. డిసేబుల్ చేసిన ఫీల్డ్‌ని బ్రౌజర్ అసలు పంపదట. నాకు కావలసింది దాని కిందే ఉన్న 'రీడ్ ఓన్లీ': మార్చనివ్వదు, కానీ పంపుతుంది. బ్రౌజర్ తీరే అంత కాబట్టి బిల్డర్‌ని తిట్టను. ఆ టిక్ పక్కన ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు అన్ని ఫోన్‌కాల్స్ తప్పేవి.

పేరు ఫీల్డ్ సంగతి ఇంకా వింత. గరిష్ఠ నిడివి 20 అని పెట్టాను. ఇంగ్లీషులో రాసినవాళ్ళకి చాలావరకు సరిపోయింది, తెలుగులో రాసినవాళ్ళు ఇంటిపేరు దాటలేకపోయారు. మన కంటికి 'స్త్రీ' ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. 'లక్ష్మి' ఏడు. సరే అని 100 చేశాను. ఆ తర్వాత 'అక్షరాలు మాత్రమే' అనే రెడీమేడ్ నిబంధన తగిలించాను. 'రమ' వెళ్ళింది, 'సీత' ఆగిపోయింది! కంప్యూటర్లు అన్ని భాషల లిపులకీ వాడే యూనికోడ్ పద్ధతిలో గుణింతపు గుర్తులూ పొల్లూ అక్షరాల జాబితాలో ఉండవు, మార్కులు అనే వేరే వర్గంలో ఉంటాయి. ఆ వర్గాన్ని కూడా ప్యాటర్న్‌లో, అంటే ఏవి రాయొచ్చో చెప్పే సూత్రంలో, చేర్చమని ఒక కోడర్ స్నేహితురాలు చెప్పేదాకా నాకు అంతుపట్టలేదు.

నంబరు రకం ఫీల్డ్‌లో గరిష్ఠ నిడివి పనిచేయదు, అయినా ప్యానెల్ ఆ గడిని చూపిస్తూనే ఉంటుంది. ఫోన్ నంబర్లకి దాన్ని వాడకండి, టెలిఫోన్ రకం వేరే ఉంది.

నేను క్షమించలేనిది మాత్రం 'కీ'. లేబుల్ మనుషులు చదివేది, కీ అనేది జవాబుల పట్టికలో ఆ నిలువు వరసకి పడే పేరు. మనం లేబుల్ రాయగానే కీ దానంతట అదే తయారవుతుంది. బాగానే ఉంది. కానీ ఫామ్ జనంలోకి వెళ్ళాక కూడా, లేబుల్‌లో అక్షరదోషం దిద్దితే చాలు, చెప్పాపెట్టకుండా కీ కూడా మారిపోతుంది. 'చిరునమా' అని పడితే 'చిరునామా' అని దిద్దాను, అంతే. పాత జవాబులు ఒక వరసలో, కొత్తవి ఇంకో వరసలో పడ్డాయి. రెండిటినీ చేత్తో కలుపుతూ ఒక ఆదివారం గడిచిపోయింది. దీనికి బ్రౌజర్‌ని అనడానికి లేదు, ఇది అచ్చంగా బిల్డర్ చేసిన పనే. ఇప్పుడు లింకు పంపేముందు ప్రతి కీనీ నేనే టైపు చేస్తున్నాను. మనం చేత్తో రాసిన కీని అది ముట్టుకోదు.

నాలుగు స్టార్లు ఇద్దామనుకున్నాను, మూడే ఇస్తున్నాను. ఆ నాలుగోది కీ పక్కన తాళం బొమ్మ పెట్టిన రోజున ఇస్తాను.