దేశం దాటిన డైరీ: ఐఎర్న్ వాడాక నా అభిప్రాయం

విశాఖపట్నంలో పెదజాలారిపేట దగ్గర బడిలో ఏడో తరగతికి సోషల్ చెబుతాను. దేశదేశాల బడులను ఆన్‌లైన్‌లో కలిపే ఐఎర్న్ ద్వారా మా పిల్లలకు జపాన్‌లో ఒక తరగతితో స్నేహం కుదిరి కొన్నేళ్లయింది. 1988లో న్యూయార్క్, మాస్కో బడులను కలపడంతో మొదలైన నెట్‌వర్క్ ఇది.

తోటి టీచర్లందరూ ముందు వీడియో కాల్ గురించే అడుగుతారు. నన్నడిగితే దానివల్ల ఒరిగేది తక్కువ. చేతులూపి హలో చెప్పుకునేలోపు గంట కొట్టేస్తారు. అసలు చదువంతా టెడ్డీ బేర్ ప్రాజెక్టులో ఉంది. రెండు తరగతులూ పోస్టులో చెరో బొమ్మ పంపుకుంటాయి. వచ్చిన బొమ్మే చెబుతున్నట్టు పిల్లలు డైరీ రాసి అవతలివాళ్లకు పంపాలి. "నన్ను బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కించారు. గుండ్రటి కంతలోంచి వంగి దూరాం. ఇంతమంది ఇక్కడ ఎలా పడుకున్నారో!" అని ఒక పాప రాసింది. పరీక్షలో నాలుగు ఇంగ్లీషు వాక్యాలకే టెన్షన్ పడే పిల్ల, పేజీన్నర నింపేసింది.

అటునుంచి వచ్చే ప్రశ్నలు ఇంకా గట్టివి. మా ఊరిని తాకిన హుద్‌హుద్ తుఫాను గురించి రాస్తే, "మేం తుఫాన్లకు నంబర్లు వేస్తాం, మీరు పేర్లెందుకు పెడతారు?" అని అడిగారు. 2014 అక్టోబరు 12 నాటి సంగతులు మా పిల్లలకేం తెలుసు? ఇళ్లకెళ్లి తాతల్ని, అమ్మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు. పేర్లు ఈ ప్రాంతపు దేశాలు ముందే ఇచ్చిన జాబితాలోంచి వరసగా వస్తాయనీ, హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరనీ వాళ్లే వెతికి పట్టుకున్నారు. నేను బోర్డు మీద రాసి చెబితే ఇంతలా ఎక్కేది కాదు.

చిక్కంతా సమయంతోనే. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఉదయం పీరియడ్లలో ఎలాగో కుదురుతుంది. చలికాలంలో న్యూయార్క్ పదిన్నర గంటలు వెనక, లైవ్ మాట మరిచిపోవాల్సిందే. పైగా జపాన్‌లో బడులు ఏప్రిల్‌లో తెరుస్తారు, మనకు జూన్‌లో. ఆగస్టు వాళ్లకు సెలవులు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే పని సాగుతుంది. ఒక ఏడాది అవతలి టీచరు మారి ఉత్తరాలు ఆగిపోయాయి. "వచ్చిందా సార్?" అని పిల్లలు అడుగుతుంటే మనసు చివుక్కుమనేది. అందుకే టీచర్లిద్దరూ ముందే తేదీలు ఖాయం చేసుకోవాలి.

కొత్తగా దిగేవాళ్లు చేత్తో చేసిన కార్డులు పంపుకునే హాలిడే కార్డ్ ప్రాజెక్టుతో మొదలుపెట్టండి, భారం తక్కువ. ఫొటోలకు తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి. ప్రతి డైరీనీ పంపే ముందు ఓసారి చదవండి, ఉత్సాహంలో పిల్లలు ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు కూడా రాసేస్తారు.