సైకిల్ ఫ్రేమ్ పంపడానికి ఏ సర్వీసు మంచిది? కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పాత స్టీల్ ఫ్రేములు కొని, తుప్పు వదిలించి, కొత్త రంగు వేయించి, సైకిల్ బిగించుకునేవాళ్లకు పంపడం కొన్నేళ్లుగా నా వ్యాపకం. ఉండేది హైదరాబాద్‌లో. ఇక్కడి నుంచి విజయవాడ, విశాఖ, బెంగళూరు, పుణె వరకూ ఫ్రేములు వెళ్తుంటాయి, అక్కడి నుంచి నాకూ వస్తుంటాయి. ప్రైవేటు కొరియర్లు, స్పీడ్ పోస్ట్, ఆర్టీసీ కార్గో, రైల్వే పార్సిల్, లారీ ట్రాన్స్‌పోర్టు అన్నీ వాడాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే కంపెనీ పేరు చెప్పను. ఆ ఊరికి పెట్టె వెళ్లేలోపు దాన్ని ఎన్నిసార్లు దించి ఎక్కిస్తారో కనుక్కోమంటాను. బండిలో ఉన్నంతసేపూ ఫ్రేముకు పెద్దగా ఏమీ కాదు. దెబ్బ తగిలేది గోడౌన్లలోనే.

ఫ్రేమ్ పంపడం మామూలు పార్సిల్ పంపినట్టు కాదు. బరువు చూస్తే ఫోర్కుతో (ముందు చక్రం బిగించే రెండు కాళ్ల భాగం), ప్యాకింగ్‌తో కలిపి 5 కిలోలు దాటదు. కానీ పెట్టె పెద్దది, లోపలంతా ఖాళీ. కొరియర్ వాళ్లు కాటా మీద బరువు ఒకటి చూస్తారు, పెట్టె కొలతల నుంచి ఇంకో బరువు లెక్కగడతారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లో ఎక్కువగా కనిపించే లెక్క. సైకిల్ షాపులో దొరికే పూర్తి సైకిల్ పెట్టె ఉజ్జాయింపుగా 140, 80, 20 అనుకోండి. 44.8 కిలోలు వస్తుంది. అదే పెట్టెను కోసి 100, 60, 16కి తగ్గిస్తే 19.2 కిలోలు. లోపల ఉన్నది అదే ఫ్రేమ్, చార్జీ మాత్రం సగానికి పైగా తగ్గుతుంది. 54 సైజు రోడ్ ఫ్రేమ్, విడదీసిన ఫోర్కు ఈ చిన్న పెట్టెలో సరిపోతాయి. కొన్ని సర్ఫేస్ సర్వీసులు (రోడ్డు మీద నిదానంగా పంపేవి) 5000 కంటే చిన్న సంఖ్యతో భాగిస్తాయి. అప్పుడు కిలో రేటు తక్కువగా కనిపించినా చివరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే కౌంటర్‌లో నేను మొదట అడిగేది రేటు కాదు, దేనితో భాగిస్తారన్నది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. కొరియర్ వాళ్లు కొలత టేపు పెట్టేది పెట్టె అంచు దగ్గర కాదు, ఎక్కడ ఉబ్బితే అక్కడ. హ్యాండిల్‌బార్ కూడా ఇందులోనే సర్దేద్దామని కుక్కితే పెట్టె నడుము ఉబ్బుతుంది, 16 కాస్తా 20 అవుతుంది, 19.2 కిలోలు 24 అయి కూర్చుంటుంది. ఒక ప్రైవేటు కొరియర్ ఇక్కడ ఒక కొలతతో బుక్ చేసుకుని, హబ్‌లో (పార్సిళ్లు ఊళ్లవారీగా వేరుచేసే పెద్ద గోడౌన్) మళ్లీ కొలిచి, తేడా డబ్బులు కట్టేదాకా పార్సిల్ ఇచ్చేది లేదని పుణెలో తీసుకునే ఆయనకు చెప్పింది. బుకింగ్ రోజు పెట్టె పక్కన టేపు పెట్టి తీసిన ఫోటోలు నా దగ్గర ఉండటంతో ఆ తేడా వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి మూడు వైపులా టేపు అంకెలు కనిపించేలా ఫోటో తీయకుండా పెట్టె ఇంట్లోంచి కదలదు.

ప్రైవేటు కొరియర్లలో నాకు నచ్చేది ఇంటికొచ్చి తీసుకెళ్లడం, ట్రాకింగ్. నచ్చనిది హబ్బులు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న పట్టణానికి పెట్టె వెళ్లాలంటే ఊరి బయట హబ్, ఇంకో రాష్ట్రంలో హబ్, జిల్లా కేంద్రం, లోకల్ బ్రాంచి అన్నీ తిరగాలి. ప్రతిచోటా కన్వేయర్, ప్రతిచోటా దొంతరలు. 'ఫ్రాజైల్' స్టిక్కర్‌ను పట్టించుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మంచి రకం స్టీల్ ట్యూబులు చివర్లలో మందంగా, మధ్యలో అర మిల్లీమీటరు వరకూ పలచగా ఉంటాయి. పెట్టెను పడుకోబెట్టి పైన ఏ మిక్సీల పార్సిలో పేరిస్తే టాప్ ట్యూబ్ (ఫ్రేములో పైన అడ్డంగా ఉండే గొట్టం) నడిమధ్యన బొటనవేలంత సొట్ట పడుతుంది. నేను ఎంతో ఇష్టపడి తెప్పించుకున్న ఒక ఫ్రేమ్ అలాగే వచ్చింది. పెట్టె మీద చిన్న ముడత తప్ప ఏమీ లేదు. విప్పి ట్యూబ్ మీద చెయ్యి పెట్టి నిమిరితే సొట్ట తెలిసింది. ప్రాణం ఉసూరుమంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో అయితే నా ఓటు ఆర్టీసీ కార్గోకే. తెలంగాణలో ఇది 2020లో మొదలైంది. ఆంధ్ర వైపు కూడా బస్టాండ్లలో కార్గో కౌంటర్లు ఉన్నాయి. బస్టాండ్‌లో ఇస్తే నేరుగా బస్సు ఎక్కుతుంది, అవతలి బస్టాండ్‌లో దిగుతుంది. విజయవాడకు రాత్రి ఇస్తే మర్నాడు తీసుకోవచ్చు. డైరెక్ట్ బస్సు లేని ఊరైతే ఈ లాభం పోతుంది కాబట్టి, ఏ బస్సులో వేస్తారో, మధ్యలో మారుస్తారో లేదో కౌంటర్‌లోనే అడగండి. డిక్కీలో పెట్టెను నిలబెట్టి పక్క గోడకు ఆనించమని నేను లోడింగ్ చేసే అన్నకు దగ్గరుండి చెబుతాను. కాస్త మర్యాదగా, ఇది ఫలానా అని చెబితే వింటారు. ఏ పెద్ద కొరియర్ హబ్‌లోనూ మనకు ఈ అవకాశం ఉండదు. లోటల్లా ఇంటి డెలివరీ అన్నిచోట్లా ఉండకపోవడం. తీసుకునేవాళ్లు బస్టాండ్‌కు వెళ్లగలగాలి.

వేరే రాష్ట్రాలకు, అందులోనూ చిన్న ఊళ్లకు స్పీడ్ పోస్ట్ పార్సిల్ నాకు బాగా పనిచేసింది. 35 కిలోల వరకూ తీసుకుంటారు, విలువ చెప్పి ఇన్సూరెన్స్ కట్టొచ్చు. వీధి చివరి చిన్న పోస్టాఫీసులో ఇంత పెట్టె చూస్తే వెనకాడతారు, హెడ్ పోస్టాఫీసుకే వెళ్లండి. కొలతలు ముందే రాసుకెళ్లి అడిగితే పని త్వరగా అవుతుంది.

రైల్వే పార్సిల్ డైరెక్ట్ రైలు ఉంటేనే. మధ్యలో జంక్షన్‌లో రైలు మారితే పెట్టె ప్లాట్‌ఫాం మీద ఎండా వానా చూస్తుంది. అవతల ఆలస్యంగా తీసుకుంటే వార్ఫేజ్ (స్టేషన్‌లో ఉంచినందుకు అద్దె) పడుతుంది. అసలు చూసుకోవాల్సింది మాత్రం విలువ. విలువ ప్రకటించి దానికి అదనపు చార్జీ కట్టకపోతే, పోయిన పార్సిల్‌కు రైల్వే ఇచ్చేది కిలోకు 50 రూపాయలే. 5 కిలోల పెట్టెకు 250 రూపాయలన్నమాట. లారీ ట్రాన్స్‌పోర్టుల్లోనూ ఇదే తీరు. విలువ చెప్పకుండా పంపితే, రోడ్డు రవాణా నిబంధనల ప్రకారం వాళ్ల బాధ్యత కట్టిన కిరాయికి పది రెట్లతో ఆగిపోతుంది. పాత ఫ్రేముకు బిల్లు ఉండదు. 'వాడిన సైకిల్ ఫ్రేమ్, విలువ ఇంత' అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, ఆధార్ జిరాక్స్ జత చేస్తాను. ఆ విలువ ఎల్ఆర్ (లారీ రసీదు) మీదో వేబిల్ (పార్సిల్ రసీదు) మీదో ఎక్కిందో లేదో చూసుకున్నాకే కౌంటర్ వదులుతాను. లారీ ట్రాన్స్‌పోర్టు గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. చౌక, నిదానం.

ఏ సర్వీసైనా సగం పని ప్యాకింగ్‌దే. డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాళ్లు) మధ్య ఏమీ పెట్టకుండా పంపకండి. పక్కనుంచి ఒత్తిడి పడితే వెనక కాళ్లు లోపలికి మూసుకుపోతాయి, లేదా అట్ట చీల్చుకుని బయటికొస్తాయి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో 10 ఎంఎం మరలు తిరిగిన రాడ్డు కోయించుకుని, డ్రాపౌట్‌కు లోపల ఒక నట్టు, బయట ఒక నట్టు వేసి, వాషర్లతో బిగిస్తాను. పాత రోడ్ ఫ్రేమ్ అయితే లోపలి దూరం 130 మిల్లీమీటర్లా 126 మిల్లీమీటర్లా అన్నది ముందు కొలుచుకోవాలి. పాత మౌంటెన్ ఫ్రేమ్ అయితే సాధారణంగా 135. ఫోర్కుకు 8 ఎంఎం రాడ్డు, 100 మిల్లీమీటర్ల దూరం. బయటికి పొడుచుకొచ్చిన రాడ్డు కొసలకు మందంగా అట్ట చుట్టాలి. ట్యూబులకు ఏసీ రాగి పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం పొడవునా కోసి తొడిగితే అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, బబుల్ ర్యాప్ కన్నా గట్టిగా నిలుస్తుంది. డిరెయిలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగం బిగించే ముక్క) విప్పదీసేదైతే విప్పి, హెడ్‌సెట్ బేరింగులతో (హ్యాండిల్ తిరిగే చోట ఉండేవి) పాటు జిప్ కవర్లో వేసి ఫ్రేముకే కట్టేయండి. పెట్టె లోపల కూడా అడ్రసు చీటీ ఒకటి ఉండాలి. బీబీ (పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం) కింద కొట్టిన ఫ్రేమ్ నంబర్‌ను ఫోటో తీసుకోవాలి. అట్ట కనీసం ఫైవ్ ప్లై (ఐదు పొరలు) ఉండాలి.

తీసుకునేవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే, పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయమని. టేపు కోయకముందే పెట్టె ఆరు వైపులా చూపించాలి. నాకు సొట్టతో వచ్చిన ఆ ఫ్రేముకు పరిహారం రావడానికి అక్కరకొచ్చింది విప్పేటప్పుడు నేను తీసిన అలాంటి వీడియోనే.

స్టీల్ ఫ్రేమ్ కాళ్లు కాస్త వంగినా అనుభవమున్న మెకానిక్ తిరిగి సరిచేయగలడు. అల్యూమినియం వంగితే అంత నమ్మకంగా సరిచేయలేం. కార్బన్‌లో పగులు రంగు కింద దాక్కుని పైకి కనిపించకపోవచ్చు. అందుకే కార్బన్ ఫ్రేమ్ ఎవరైనా అడిగితే నేను ఏ సర్వీసులోనూ వేయను. వాళ్లనే వచ్చి తీసుకెళ్లమంటాను, లేదా అటు వెళ్తున్నప్పుడు నాతో పాటు తీసుకెళ్లి చేతికిస్తాను.